మా అరుగు మీద రాజులకు తీర్పు

మొన్న ఆదివారం మా అమ్మాయి సెల్‌ఫోన్‌లో ఏదో చదువుతూ కళ్లు తుడుచుకుంటోంది. రోజుకో భాగం చొప్పున వచ్చే చారిత్రక నవలట. యుద్ధానికి వెళ్లిన యువరాజు కోసం ఒక రాకుమారి ఏళ్ల తరబడి కోట బురుజు మీద నిలబడి ఎదురుచూస్తోందట.

"చివరికి వస్తాడు కదా అమ్మా?" అని అడిగింది.

"వస్తాడులే. వచ్చాక ఆమె ఏమంటుందో చూడు" అన్నాను.

అన్నాక నాకే నవ్వొచ్చింది. ఆ మాట నాది కాదు. నా చిన్నప్పుడు బాన్సువాడలో మా ఇంటి అరుగు మీద కూర్చుని బీడీలు చుట్టిన ఆడవాళ్లది.

మా ఇల్లు బస్టాండు వెనక సందులో ఉండేది. తునికాకును ముందురోజే తడిపి గోనెపట్టాలో చుట్టి ఉంచేవారు. పొద్దున ఆ పట్టా విప్పగానే వాన పడిన అడవి వాసన ఇల్లంతా కమ్ముకునేది. దాని వెనకే తంబాకు ఘాటు. కొత్తగా వచ్చినవాళ్లు తుమ్ములతో సతమతమయ్యేవారు. మాకు మాత్రం ఆ రెండు వాసనలూ కలిస్తేనే తెల్లవారినట్టు.

అరుగు మీద నలుగురు కూర్చునేవారు. మధ్యలో, గోడకు ఆనుకుని, మా అవ్వ. అంటే నాన్న తల్లి. నాన్నను మేం బాపు అనేవాళ్లం. ఆమె పక్కన మా అమ్మ. మెట్టు దగ్గర పక్కింటి డోంగ్లి అక్క. మహారాష్ట్ర సరిహద్దులో ఉన్న డోంగ్లి ఊరి నుంచి మా సందుకు కోడలిగా వచ్చింది కనుక అందరికీ ఆమె డోంగ్లి అక్కే. తెలుగు మధ్యలో మరాఠీ దొర్లించేది, పెద్దగా నవ్వేది. ఇక ఓ మూలన, ఎవరికీ అడ్డం రాకుండా, మా మేనత్త.

అత్తకు పెళ్లయి కొన్నేళ్లు. పెళ్లయిన కొత్తలోనే మామ పని కోసం బొంబాయి వెళ్లాడు. మొదట్లో వాళ్ల ఊరివాళ్ల ద్వారా కబురు వచ్చేది. తర్వాత అదీ ఆగిపోయింది. అత్తగారింట్లో కొన్నాళ్లు ఉండి, అత్త మా ఇంటికి వచ్చేసింది. మామ గురించి ఎవరూ ఆమెను అడిగేవారు కాదు. పండుగలకు మాత్రం ఎవరో ఒకరు "ఈసారి వస్తడు తియ్యి" అనేవారు. అత్త తల ఊపి ఆకు కత్తిరించుకునేది.

ఆ ఎండాకాలం మా రేడియో పాడైంది. అంతవరకు బీడీలు చుట్టే చేతులకు పాటలు తోడు. రేడియో మూగబోయాక అరుగు మీద కత్తెర చప్పుడు తప్ప ఏమీ లేదు. రెండు రోజులు ఓపిక పట్టి డోంగ్లి అక్క నా మీద పడింది.

"ఏయ్ పోరీ, బడికి పోయి చదువు నేర్సినవ్ గద. గా కితాబుల తాత దగ్గరికెళ్లి ఏదన్న కథ తెచ్చి చదువు. చెవులు ఖాళీగ ఉన్నయి."

కితాబుల తాత బస్టాండు దగ్గర చిన్న గదిలో పుస్తకాలు కిరాయికిచ్చేవాడు. తెల్లటి ధోవతి, లావు కళ్లద్దాలు. ఆయనకు చారిత్రక నవలలంటే ప్రాణం. కోటలు, గుర్రాలు, మారువేషాలు, పూలతోటల్లో మొదటి చూపులు, ఇవే ఆ గదినిండా. అట్టల మీద అందరు రాకుమార్తెలూ ఒకేలా మెడ పక్కకు వంచి ఉండేవారు. పాత కాగితం వాసనలో ఆయన నమిలే సోంపు వాసన కలిసిపోయి ఉండేది.

మొదటి నవలలోనే తంటా వచ్చింది. ఒక సేనాని గుర్రం మీద వచ్చి స్వయంవర మండపం నుంచి రాకుమారిని ఎత్తుకుపోతాడు. నేను గొంతు పెంచి, గుర్రపు డెక్కల చప్పుడు నోటితో చేస్తూ మరీ చదివాను. చదవడం ఆపి చూస్తే మా అమ్మ నొసలు చిట్లించి ఉంది.

"ఆమెను అడిగిండా?" అంది.

పేజీ వెనక్కి తిప్పి వెతికాను. "అడగలేదమ్మా. 'కనులతోనే అనుమతి పొందాడు' అని రాసి ఉంది."

"కండ్లతోనా?" అంది అమ్మ. "కండ్లల్ల దుమ్ము పడ్డా గట్లనే ఉంటయి."

డోంగ్లి అక్క నవ్వి నవ్వి చాటలోని తంబాకు ఒలకబోసింది. అవ్వ కసిరింది. "చేతులు ఆపకుండ్రి! రాజులు పోయినా బీడీలు ఆగయి."

అక్కడ మొదలైంది. నవల అయిపోగానే అవ్వ ఒళ్లో చాట పక్కన పెట్టి, "ఇగ చెప్పుండ్రి. వీడు మంచోడా, కాదా?" అనేది. అదే మా అరుగు కచేరి, మా కోర్టు. రాజులు, యువరాజులు, దండనాయకులు ఒకరి తర్వాత ఒకరు వచ్చి మా ముందు నిలబడేవారు. భార్య గుణం పరీక్షించడానికి వర్తకుడి వేషంలో వచ్చిన ఒక మహారాజును అమ్మ నిలబెట్టి కడిగేసింది. "పరీక్ష వెట్టెటోడు మొగడా, మాస్టరా?" యుద్ధంలో నూరుమందిని నరికిన వీరుణ్ణి ఎవరూ మెచ్చుకోలేదు. జ్వరంతో పడి ఉన్న ప్రియురాలికి గుడారంలో తానే గంజి కాచి తాగించిన ఒక పేద సైనికుడు మాత్రం అందరి చేతా భేష్ అనిపించుకున్నాడు. "వీడు పాస్!" అని డోంగ్లి అక్క అరిచింది. ఆ రోజు సాయంత్రం దాకా నలుగురూ మా ఇంటికి కొత్త చుట్టం వచ్చినంత సంతోషంగా ఉన్నారు.

మధ్యాహ్నం చదువు ఆపి భోజనాలు. జొన్న రొట్టె, ఎల్లిపాయ కారం, ఉల్లిగడ్డ ముక్కలు తేలే పచ్చిపులుసు. డోంగ్లి అక్క ఇంట్లోంచి పల్లీల పొడి తెచ్చి అందరి రొట్టెల మీదా ఇంతింత వేసేది. తింటూ కూడా రాజుల గొడవే. సందులో పోయే కొత్తవాళ్లు వింటే, మా చుట్టాల్లో ఎవరింట్లోనో పెద్ద తగాదా జరుగుతోందనుకునేవారు.

నా కొంటెతనం నాకుండేది. సూర్యోదయాలు, సెలయేళ్ల వర్ణనలు వస్తే పేజీలు దాటేసేదాన్ని. నాయికా నాయకులు దగ్గరైన చోట నాకు సిగ్గు ముంచుకొచ్చి మాటలు మార్చేదాన్ని. ఒకసారి వెన్నెల రాత్రి, పూలతోట, ఇద్దరే ఉన్నారు. నేను గబగబా, "అప్పుడు యువరాజు రాకుమారికి నమస్కారం చేశాడు" అని చదివాను.

డోంగ్లి అక్క చేతిలో బీడీ ఆగిపోయింది. "అగ బాయీ! నమస్కారమా? సర్పంచి ఎలచ్చన్లకు ఓటు అడగొచ్చిండా ఏంది?"

ఆ రోజు అత్త కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని భుజాలు కదిలేలా నవ్వింది. ఆమె అట్లా నవ్వడం అంతకుముందు నేను చూడలేదు. తీర్పుల్లో మాత్రం ఆమె నోరు విప్పేది కాదు. ఎనిమిదో తరగతి దాకా చదివింది కనుక, పని ముగిశాక నా దగ్గర పుస్తకం తీసుకుని, నేను దాటేసిన పేజీలన్నీ మెల్లగా చదువుకునేది. తిరిగి ఇవ్వడానికి నాతోపాటు తాత దుకాణానికి వచ్చేది. తాత ప్రతిసారీ, "ఏం తీర్పిచ్చిండ్రు బిడ్డా మీ అరుగు మీద?" అని అడిగేవాడు. నేను చెబుతుంటే పడిపడి నవ్వేవాడు.

ఎండలు బాగా ముదిరాక తాత ఒక లావుపాటి నవల చేతిలో పెట్టాడు. "ఇది అన్నిటికంటె గొప్పది. నేను ముసలోన్ని, నాకే కండ్లల్ల నీళ్లొచ్చినయి" అన్నాడు.

అది ఎదురుచూసిన రాణి కథ. పెళ్లయిన కొద్ది రోజులకే రాజు దండయాత్రకు పోతాడు. ఏళ్లు గడుస్తాయి. రాణి నగలు తీసేసి, నేల మీద పడుకుని, రోజూ బురుజెక్కి దారి చూస్తుంది. చివరికి రాజు గెలిచి తిరిగి వస్తాడు. పల్లకీలో ఇంకొక రాణి. మొదటి రాణి ఇద్దరికీ హారతి ఇచ్చి, ఆనందబాష్పాలు రాలుస్తూ లోపలికి ఆహ్వానిస్తుంది. అంతటితో సమాప్తం.

చదవడం మొదలుపెట్టిన రోజు నుంచే అరుగు మీద నవ్వులు తగ్గాయి. అందరికీ అర్థమవుతూనే ఉంది, ఎవరూ పైకి అనలేదు. నేను చిన్నదాన్ని. అయినా నాక్కూడా అత్త వైపు చూడకుండా చదవాలని తెలిసింది. ఆపేద్దామా అని అమ్మ ఒకసారి అంటే, అత్తే, "కానియ్యి వదినా. ఏమైతదో చూద్దాం" అంది.

కథ ముగిశాక డోంగ్లి అక్క రాజును తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. సగం మరాఠీలో ఉన్నాయి కూడా. అవ్వ మాత్రం చెయ్యెత్తి ఆపింది.

"రాణిది గొప్ప మనసు. ఓర్సుకున్నది. గందుకే ఆమె రాణి. ఆడిదాని బతుకు గంతే" అంది.

అప్పుడు మూల నుంచి అత్త గొంతు వినిపించింది. ఆ కచేరిలో ఆమె మొదటి మాట అది.

"ఆమె కండ్లల్లవి ఆనందబాష్పాలని రాసిండు. ఆయనకెట్ల తెలుసు?"

అవ్వ చాట మళ్లీ ఒళ్లోకి లాక్కుంది.

మర్నాడు పుస్తకం తిరిగి ఇస్తున్నప్పుడు తాత అలవాటుగా తీర్పు అడిగాడు. నేను చెప్పేలోపు అత్త తానే చెప్పింది. రాణి అన్నేళ్లు ఏమనుకున్నదో ఒక్క పేజీలోనూ లేదని, బురుజు ఎంత ఎత్తో మాత్రం వివరంగా రాశారని అంది. తాత సోంపు నమలడం ఆపి ఆమెను చూశాడు. "గీ మాట నాకు తట్టలేదు బిడ్డా. మల్ల చదువుత" అన్నాడు. ఆ తర్వాత కొత్త పుస్తకం ఏదొచ్చినా ముందు అత్తకే ఇచ్చేవాడు. "నువ్వు చదివి చెప్పు, బాగుంటెనే ముంగట వెడ్త" అనేవాడు.

ఆ తర్వాత ఎక్కువ రోజులు కాలేదు. ఒక మధ్యాహ్నం, అందరం అరుగు మీదే ఉన్నాం. సందు మొదట్లో ఇద్దరు మగవాళ్లు కనిపించారు. ఒకాయన పెద్ద వయసువాడు, తలకు రుమాలు. రెండోవాడి చేతిలో బట్టల దుకాణం సంచి. అమ్మ చప్పున లేచి కొంగు సర్దుకుంది. అప్పుడు గుర్తుపట్టాను, ఇంట్లో గోడ మీద పెళ్లి ఫోటోలో చూసిన ముఖమే. మామ.

ఇంటల్లుడు కనుక మర్యాదలు జరిగాయి. మంచం వాల్చారు, కాళ్లకు నీళ్లిచ్చారు. రైసుమిల్లులో ఉన్న బాపుకు కబురు పోయింది. అవ్వ కోడిగుడ్లు తెప్పించి కూర చేయించింది. మామ తలెత్తకుండా తిన్నాడు. సన్నబడ్డాడు, చెంపల దగ్గర జుట్టు నెరిసింది. అత్త లోపలికి వెళ్లలేదు. తన మూలన తాను కూర్చుని ఆకు కత్తిరిస్తూనే ఉంది.

బాపు వచ్చాక, రుమాలు కట్టుకున్న పెద్దాయన, మామకు చిన్నాయన, మాట ఎత్తాడు. "మా వదినెకు, వీని తల్లికి, పచ్చవాతం వచ్చి కాలూ చెయ్యీ పడిపోయినయి తమ్మీ. ఇంట్ల చూసేటోళ్లు లేరు. పిల్లను తోల్కపోదామని వచ్చినం."

"మరి అల్లుడు ఇగ ఊర్లనే ఉంటడా?" అని అమ్మ గుమ్మం వెనక నుంచి అడిగింది.

మామే జవాబిచ్చాడు. "నేను మల్ల బొంబాయి పోవాలె. పని ఉన్నది."

చిన్నాయన అందుకున్నాడు. "ఆడిపిల్ల ఎన్నేండ్లని తల్లిగారింట్ల ఉంటది? మొగడే వచ్చి పిలుస్తుండు. ఇంకేం గావాలె?"

బాపు మెడ రుద్దుకున్నాడు. మిల్లులోనూ బజారులోనూ చెల్లెలి గురించి ఆయన వినని మాట లేదు. "పోతె మంచిదే... ఆమె ఇల్లు ఆమెకు" అన్నాడు, ఎవరి వైపూ చూడకుండా.

అంతా అయిపోయిందనిపించింది నాకు. అప్పుడు అత్త కత్తెర కింద పెట్టింది.

"బొంబాయిల ఎవరున్నరు?" అని అడిగింది. గొంతు పెంచకుండా, సూటిగా, మామనే చూస్తూ.

మామ పక్కనున్న సంచి దగ్గరికి జరుపుకున్నాడు. "ఒకామె ఉన్నది" అన్నాడు. "ఒక పిల్ల."

"అగ బాయీ" అంది డోంగ్లి అక్క, ఈసారి నవ్వకుండా. "గా పుస్తకంల రాజే వచ్చిండు."

"పుస్తకమేంది?" చిన్నాయన గొంతు పెంచాడు. "గీడ సంసారం ముచ్చట నడుస్తుంటె! ఓ ముసలమ్మా, నీ బిడ్డకు జర నువ్వన్న చెప్పు. ఓర్సుకునేదే ఆడిది."

అందరూ అవ్వ వైపు తిరిగారు. అవ్వ మాట మా ఇంట్లో బాపు కూడా దాటడు. ఆ రాణిది గొప్ప మనసని చెప్పిన నోరు అది. నేను చూడలేక కళ్లు మూసుకున్నాను.

"పుస్తకంల ఒక రాణి ఉండె" అంది అవ్వ నెమ్మదిగా. "మొగడు ఇంకొకదాన్ని తెస్తె హారతిచ్చింది. మంచిదే అనుకున్న నేను. గని ఆ రాణికి తల్లి లేకుండె. నా బిడ్డకు నేనున్న."

నేను కళ్లు తెరిచాను. బాపు తన తల్లి ముఖం చూసి, తర్వాత చెల్లెలి ముఖం చూశాడు. ఆయన అన్నేళ్లలో అడగని మాట అప్పుడడిగాడు. "నువ్వు చెప్పమ్మా. నీ మనసుల ఏమున్నది?"

అత్త ఒళ్లో పడిన ఆకు ముక్కలు దులుపుకుని లేచి నిలబడింది.

"అత్తమ్మ నన్ను ఏనాడు ఒక మాట అనలేదు" అంది మామతో. "ఆమెకిప్పుడు గావాల్సింది దవాఖాన. నిజామాబాద్ తోల్కపోదాం. నేనొస్త. కుదుట పడేదాంక ఉంట. కోడలిగ గాదు, ఆమె నాకు అన్నం పెట్టింది గనుక. అయినంక నా ఇంటికి నేనొస్త. నువ్వు బొంబాయి పో. ఆ పిల్లకు తండ్రి గావాలె."

మామ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అవి ఏ బాష్పాలో నాకు తెలియదు. లేచి, సంచి మంచం మీదే ఉంచి, అవ్వ కాళ్లకు మొక్కాడు. సంచిలో తెచ్చిన చీర తీసుకుపొమ్మని అత్త చెప్పింది. "బొంబాయిల ఆమెకియ్యి" అంది.

అత్త అన్నట్టే చేసింది. బాపు తోడు వెళ్లాడు. అత్తగారు చెయ్యి ఊతతో లేచి కూర్చునేదాకా దవాఖానలో ఉండి సేవ చేసి తిరిగి వచ్చింది. పెద్దమనుషుల ముందు తెగదెంపులు జరిగాయి. సందులో కొన్నాళ్లు నానా మాటలూ అన్నారు. మా ఇంటి ముందు నుంచి పోతూ కావాలని గొంతు పెంచినవాళ్లున్నారు. డోంగ్లి అక్క మెట్టు మీద నిలబడి వాళ్లకంటే గొంతు పెంచేది. బాపు కొద్ది రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. తర్వాత ఒక సాయంత్రం మిల్లు నుంచి వచ్చి, మూరెడంత దూరంలో కూర్చుని, నేను చదివే కథ వింటూ తవుడు అంటిన చేతులు కడుక్కోవడం కూడా మరిచిపోయాడు. నేను పుస్తకం మూసేస్తే, "ఆపినవేంది? ఆమె ఒప్పుకున్నదా లేదా?" అన్నాడు. నలుగురు ఆడవాళ్లూ ఒకేసారి నవ్వారు. ఆ సాయంత్రమే ఆకాశం ఉరిమి పెద్ద వాన పడింది. చాటలు, ఆకులు, నవల అన్నీ గుండెకు హత్తుకుని లోపలికి పరిగెత్తాం.

ఒకటి రెండేళ్లలో తాతకు చూపు మందగించింది. దుకాణంలో కూర్చోమని అత్తను ఆయనే అడిగాడు. ఆమె బీడీల చాట వదిలి ఆ గదిలో కూర్చుంది. పదో తరగతి పరీక్ష ప్రైవేటుగా రాసి గట్టెక్కింది. వచ్చినవాళ్లకు ఊరికే పుస్తకం చేతిలో పెట్టేది కాదు. "ఇది వద్దు తియ్యి, వీనికి కోపమెక్కువ" అనో, "ఇది తీస్కపో, వీడు మాట మీద నిలబడేటోడు" అనో తీర్పు కలిపి ఇచ్చేది. వర్ని వైపు నుంచి సంతకు వచ్చే ఆడవాళ్లు కూడా పుస్తకంతోపాటు ఆ మాట కోసం ఆగేవారు.

అదంతా ఇప్పుడు లేదు. ఇంటింటికీ టీవీ సీరియళ్లు వచ్చాక కిరాయి నవలలు అడిగేవాళ్లు తగ్గారు. అత్త బడి పుస్తకాలు, పెన్నులు పెట్టింది. తాత, అవ్వ వెళ్లిపోయారు. మా సందులో తునికాకు తడిపే ఇళ్లు కూడా ఇప్పుడు వెతికితేగాని దొరకవు.

ఇంటర్ చదివే రోజుల్లో నేను సెలవులకొచ్చి దుకాణంలో అత్త పక్కన కూర్చున్నప్పటి ఒక మధ్యాహ్నం మాత్రం నాకు చాలా స్పష్టంగా గుర్తుంది. జుక్కల్ బస్సు కోసం వచ్చిన ఒక చిన్న వయసు అమ్మాయి గుమ్మంలో నిలబడింది. మెడలో పుస్తెలతాడు పసుపు ఇంకా ఆరలేదు. మొగుడు దుబాయి పోయాడట. నవలల వరుసలన్నీ చూసి, మెల్లగా అడిగింది.

"అక్కా, ఎదురుచూసుడు లేని కథ ఉన్నదా?"

అత్త లేచి అల్మారా అంతా వెతికింది. పై వరుస నుంచి కింది వరుస దాకా ఒక్కొక్కటే తీసి, చూసి, పెట్టేసింది. చివరికి చేతుల దుమ్ము దులుపుకుని నవ్వింది. "లేదు బిడ్డా. ఎవ్వరు రాయలే. గట్ల కూసో, నేను చెప్త."

స్టూలు జరిపి చెప్పడం మొదలుపెట్టింది. ఒక రాణి ఉండేదని, ఆమెకు కోట లేదని, అరుగు ఉండేదని. మొగుడొచ్చి పిలిచాడని, ఆమె నిలబడి జవాబు చెప్పిందని. ఎదురుచూసిన ఏళ్లను రెండు మాటల్లో దాటేసింది, నేను సెలయేళ్లను దాటేసినట్టు. బస్సు వచ్చి హారన్ కొట్టి వెళ్లిపోయింది. ఆ అమ్మాయి తల కూడా తిప్పలేదు.

"మల్ల ఆ రాణి ఇప్పుడెట్లున్నది అక్కా?" అని అడిగింది.

"మంచిగున్నది" అంది అత్త, టిఫిను డబ్బా ముందుకు లాక్కుంటూ. "జర ఆకలైతున్నది, గంతే."

రొట్టె తుంచి సగం ఆ అమ్మాయి చేతిలో పెట్టింది. నేను చదివిన రాణుల్లో ఒక్కరి ముఖమూ ఇప్పుడు గుర్తు లేదు. బస్టాండు దుమ్ములో, ఆ చిన్న గదిలో, ఎల్లిపాయ కారం ఘాటుకు కళ్లు చెమ్మగిల్లి ఇద్దరూ ఒకరినొకరు చూసి నవ్వుకున్న ముఖాలు మాత్రం నిన్న చూసినట్టే ఉన్నాయి.